ఉప్పునీటి తొట్టెకు ఏ వడపోత సరుకు?

ఇంట్లో చేపల తొట్టె పెట్టుకొనే సరదా మన కుటుంబాలలో నానాటికి హెచ్చుతున్నది. మంచినీటి తొట్టెతో మొదలుపెట్టి, రెండు మూడేళ్లు గడిచి చెయ్యి తిరిగిన పిమ్మట, చాలామంది చూపు ఉప్పునీటి చేపల మీదికి పోతుంది. ఆ రంగులు అటువంటివి మరి. చెన్నపట్నంలో వున్న మనవారికి కొళత్తూరు దగ్గరే గనుక చేపలకూ తొట్టెలకూ సరంజామాకూ లోటు లేదు. లోటల్లా ఒక్కటే. ఏది కొనవలెనో, ఏది కొననక్కర లేదో చెప్పేవారు తక్కువ.

దుకాణంలో ఒక గోడ నిండా డబ్బాలు, సంచులు. నల్లని గుళికలు, ఎర్రటి రజను, తెల్లని పూసలు, బూడిదరంగు రాళ్లు. అన్నింటి మీదా ఒకే మాట: "నీటిని శుభ్రం చేస్తుంది." నెలజీతం మీద నెట్టుకొచ్చే మనబోటివారు ఆ గోడ యెదుట నిలబడి ఏ డబ్బా అందుకోవాలి? దానికి మాకు తెలిసినంతలో జవాబు చెప్పడమే యీ వ్యాసం వుద్దేశం. మేము శాస్త్రజ్ఞులం కాము. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి గుమాస్తా పనిలో ప్రవేశించినవాళ్లం. అయితే కొన్నేళ్లుగా అరవై లీటర్ల ఉప్పునీటి తొట్టె ఒకటి నడుపుతూ, దాని జమాఖర్చులు నోటుపుస్తకంలో వ్రాసుకొంటూ వస్తున్నాము.

తేటనీరు వేరు, మంచినీరు వేరు

మన పల్లెలలో బురదనీటిని తేర్చడానికి చిల్లగింజను బిందె లోపలి అంచున అరగదీసేవారు. ఇక్కడి తమిళులు దానినే తేట్రాన్‌కొట్టై అంటారు. కొంతసేపటికి బురద అడుగుకు దిగి, పైనీరు అద్దంలా తేరుకొనేది. కాని ఆ నీటిలో కరిగివున్న ఉప్పును గాని సున్నాన్ని గాని చిల్లగింజ తీయలేదు. కంటికి కనిపించే మలినం వేరు, నీటిలో కరిగిపోయిన మలినం వేరు. చేపల తొట్టె విషయంలో మొదట గ్రహించవలసినది యిదే.

తొట్టెలో మూడు విధాల వడపోత జరుగుతుంది. స్పాంజి, దూది వంటివి తేలే చెత్తను పట్టుకొంటాయి. ఇది చిల్లగింజ చేసే పని వంటిది. రెండవది సూక్ష్మజీవుల పని. చేపలు మొప్పల ద్వారా అమోనియాను విడుస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్లినా అమోనియాయే పుడుతుంది. రాళ్ల మీదా యిసుకలోనూ కాపురముండే బాక్టీరియా ఆ అమోనియాను నైట్రైటుగానూ, నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. మూడవది చాలావరకు నిరపాయం. ఈ బాక్టీరియా కొత్త తొట్టెలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడవది రసాయన వడపోత. బొగ్గు, ఐరన్ ఆక్సైడు, రెజిను, జియోలైటు మొదలైన సరుకులు కరిగిన పదార్థాలను తమ మీద అంటించుకొని నీటిలో నుంచి తప్పిస్తాయి. దుకాణపు గోడ మీద వున్నవన్నీ యీ మూడవ రకానివే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఉప్పునీటి తొట్టెలో చేపను త్వరగా చంపేది అమోనియా. సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా వుంటుంది. పీహెచ్ పెరిగినకొద్దీ అమోనియాలో విషరూపంలో వుండే భాగం పెరుగుతుంది. పీహెచ్ 7 వున్న మంచినీటితో పోల్చితే ఉప్పునీటిలో ఆ భాగం పదింతలకు పైనే. అంతటి శత్రువును గోడ మీది సరుకులలో ఏదీ ఉప్పునీటిలో నమ్మకంగా పట్టలేదు. ఆ పని బాక్టీరియాదే. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే సగం ఖర్చూ, సగం దుఃఖమూ తప్పుతాయి.

బూడిదరంగు రాళ్ల సంగతి

మా ఆఫీసులో డెస్పాచి చూచే తమిళ మిత్రులొకరికి మంచినీటి తొట్టె వుండేది. ఆ ఫిల్టరులో ఏడాదిగా ఒక సంచి జియోలైటు వుంది. దుకాణాలలో దీనిని అమోనియా రాయి అని కూడా అంటారు. వారు ఉప్పునీటి తొట్టె పెట్టుకొన్నప్పుడు, ఆ సంచినే తీసి యిందులో వేయమని ఒక దుకాణదారు సలహా యిచ్చాడట. మరునాడు ఉదయం మాకు ఫోను చేశారు. "తణ్ణి కణ్ణాడి మాదిరి ఇరుక్కు సార్, మీన్ మట్టుం మేలే వందు మూచ్చు వాంగుదు" అన్నారు. నీళ్లు అద్దంలా వున్నాయి, చేపలు మాత్రం పైకివచ్చి రొప్పుతున్నాయని.

"ఫిల్టరులో కొత్తగా ఏమైనా వేశారా?" అని అడిగాము. రాళ్ల సంచి మాట అప్పుడు బయటపడింది. వెంటనే దానిని తీసివేయమని చెప్పి, పరీక్షాపెట్టె తీసుకొని వెళ్లాము. గొట్టంలో నీరు పసుపురంగుకు బదులు చిక్కటి ఆకుపచ్చకు తిరిగింది. అనగా అమోనియా. మా యింట్లో కలిపి సిద్ధంగా వుంచిన ఉప్పునీరు తెచ్చి, తొట్టెనీరు సగం మార్చాము. గాలిరాయి పెట్టాము. రెండు చేపలలో ఒకటి బ్రతికింది. రెండవది ఆ సాయంత్రానికే పోయింది. వారి చిన్నమ్మాయి రెండు రోజులు తొట్టెవైపు చూడలేదట.

ఇలా ఎందుకయింది? జియోలైటు రాయిలో సోడియం, పొటాషియం వంటి అణువులు కూర్చునే గూళ్లు వుంటాయి. మంచినీటిలో పోటీ తక్కువ గనుక అమోనియం వచ్చి ఆ గూళ్లలో కూర్చుంటుంది. రాయి నిండినప్పుడు ఉప్పునీటిలో నానబెడితే సోడియం వచ్చి అమోనియాన్ని బయటికి నెడుతుంది, రాయి మళ్లీ పనికి వస్తుంది. దీనిని తిరిగి వాడుకోవడానికి చెప్పే పద్ధతే అది. నిండిన రాయిని ఉప్పునీటి తొట్టెలో వేస్తే జరిగేదీ అదే. ఏడాదిపాటు దాచుకొన్న అమోనియాను ఒక్క రాత్రిలో వదులుతుంది.

పోనీ కొత్త రాయి వేద్దామా అంటే, దాని వలన గూడా లాభం తక్కువ. సముద్రపు నీరు లీటరులో సోడియం సుమారు 10.8 గ్రాములు, పొటాషియం సుమారు 0.4 గ్రాము వుంటాయి. అమోనియా వుంటే గింటే మిల్లీగ్రాములలో. వేలమంది తోసుకొంటున్న రైలుపెట్టెలో ఒక ముసలమ్మకు సీటు దొరకడం వంటిది. పగడాల తొట్టెలు నడిపే కొందరు విదేశీయులు జియోలైటును వేరే పద్ధతిలో, బాక్టీరియాను పెంచే సాధనంగా, ప్రత్యేక గొట్టాలలో వాడుతారు. అది వేరే విద్య. మన చిన్న తొట్టెకు యీ రాయి అక్కరలేదు.

నల్లని గుళికలు: యాక్టివేటెడ్ బొగ్గు

గోడ మీది సరుకులలో చిన్న తొట్టెకు నిజంగా పనికివచ్చేది యిదొక్కటే అన్నా తప్పులేదు. బొగ్గుకు రంగును విరిచే గుణం వున్నదని 1785లో తోబియాస్ లోవిట్జ్ అనే శాస్త్రవేత్త గమనించాడు. మామూలు బొగ్గును ఆవిరితో అతివేడి మీద కాల్చి, దానిలో కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలు పుట్టించే పద్ధతులకు 1900, 1901 సంవత్సరాలలో రఫాయెల్ ఓస్ట్రెయ్కో పేటెంట్లు పొందాడు. ఈ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే ఒక గ్రాము బొగ్గులో 500 నుంచి 1,500 చదరపు మీటర్ల వైశాల్యం వుంటుంది. వెయ్యి చదరపు మీటర్లనే తీసుకొందాం. మన లెక్కలో సుమారు పాతిక సెంట్ల నేల! చిటికెడు బొగ్గులో పాతిక సెంట్లు. కరిగిన మలినం ఆ నేలకు అంటుకొంటుంది.

ఏమి అంటుకొంటుంది? చేపల విసర్జనం నుంచీ, కుళ్లిన మేత నుంచీ, నాచు నుంచీ పుట్టి నీటికి పచ్చని రంగునూ వాసననూ తెచ్చే సేంద్రియ పదార్థాలు, వేసిన మందుల శేషం, క్లోరిన్. ఏమి అంటుకోవు? అమోనియా, నైట్రేటు, ఫాస్ఫేటు లెక్కపెట్టదగినంతగా అంటుకోవు. బొగ్గు వేశాము గదా అని నీరు మార్చడం మానివేసేవారు యిది గుర్తించాలి.

తొట్టెకు బొగ్గు అవసరమా అన్నది తేల్చుకొనేందుకు సులువైన పరీక్ష వుంది. తెల్లని బక్కెట్లు రెండు తీసుకొని, ఒకదానిలో తొట్టెనీరు, మరొకదానిలో కొత్తగా కలిపిన ఉప్పునీరు సమంగా పోసి పగటివెలుతురులో పైనుంచి చూడండి. తొట్టెనీరు పచ్చగా కనబడితే బొగ్గుకు పని వుంది. లేకపోతే లేదు. వేసిన బొగ్గు పని అయిపోయిందో లేదో చెప్పేదీ యీ పరీక్షే.

బొగ్గులో రకాలున్నాయి. కొబ్బరిచిప్పల బొగ్గులో రంధ్రాలు చాలా సన్నవి. అది గట్టిది, తాగునీటికి మంచిది. పొళ్ళాచ్చి, కాంగేయం ప్రాంతాలలో కొబ్బరిచిప్పలను కాల్చి బొగ్గు చేసే పరిశ్రమ వున్న సంగతి తమిళనాడులోని మనవారు ఎరిగినదే. రాతిబొగ్గుతో చేసినదానిలో కొంచెం పెద్ద రంధ్రాలు కూడా వుంటాయి గనుక తొట్టెనీటికి రంగుతెచ్చే పెద్ద అణువులకు అది అనుకూలం. లిగ్నైటుతో చేసిన బొగ్గు యింకా పెద్ద రంధ్రాలు కలది, త్వరగా పనిచేస్తుంది. కాని మెత్తనిది, పొడి రాలుతుంది. 2011లో హెమ్‌డాల్, ఓడమ్ అనే యిద్దరు ప్రచురించిన పరిశోధనలో, లిగ్నైటు బొగ్గు వాడిన నీటిలోని సర్జన్ చేపలకు తలమీదా పక్కగీత మీదా చర్మం తినివేసినట్టు గుంటలు పడ్డాయి. బొగ్గు లేని నీటిలోని చేపలకు పడలేదు. సర్జన్ చేప చిన్న తొట్టెకు తగినది కాదు. అయినా నేర్చుకోవలసినది వుంది: గట్టి గుళికలు కొనండి, పొడి పోయేదాకా కడగండి.

ఇస్త్రీపెట్టె బొగ్గులూ, కుంపటి బొగ్గులూ దంచి వేయవచ్చునా అని ఒకరిద్దరు అడిగారు. కూడదు. వాటిలో ఆ రంధ్రాల సంపద లేదు, బూడిద వుంది.

కొనేముందు చూడవలసిన గుర్తులు నాలుగు. గుళికలు గట్టిగా వుండాలి. పొడి తక్కువగా వుండాలి. ఆక్వేరియమ్ కోసం చేసినదని డబ్బా మీద వుండాలి. ఫాస్ఫేటు వదలనిదై వుండాలి. ఈ చివరిదానిని యింట్లోనే తేల్చుకోవచ్చు. ఒక చెంచా బొగ్గు గ్లాసెడు ఆర్వో నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం ఆ నీటికి ఫాస్ఫేటు పరీక్ష చేయండి. రంగు తిరిగితే ఆ సరుకు వద్దు.

అరవై లీటర్ల తొట్టెకు రెండు మూడు పెద్ద చెంచాల బొగ్గు చాలు. సన్నటి వలసంచిలో పోసి, ఆర్వో నీటిలో నల్లనీరు రావడం ఆగేదాకా కడిగి, ఫిల్టరులో స్పాంజి తరువాత పెట్టాలి. ముందు పెడితే చెత్తకే మూసుకుపోతుంది. నీరు సంచి పక్కనుంచి గాక సంచిలో నుంచి పోయేలా అమర్చాలి. మూడు నాలుగు వారాలకు తీసి పారవేయాలి. పొయ్యి మీద వేయించితే తిరిగి పనికివస్తుందని కొందరంటారు. ఇంటి పొయ్యికి అంత వేడి లేదు. చేపలకు మందు వేస్తున్నన్ని రోజులూ బొగ్గు తీసివుంచాలి, లేకపోతే మందు బొగ్గుకే పోతుంది. చికిత్స అయిన తరువాత వేస్తే మిగిలిన మందును అదే లాగివేస్తుంది.

ఎర్రటి రజను, తెల్లని పూసలు

ఈ రెండూ ముఖ్యంగా ఫాస్ఫేటు కోసం. ఎర్రనిది ఐరన్ ఆక్సైడు, అనగా ఒక రకమైన తుప్పు. తాగునీటిలోని ఆర్సెనిక్ తీయడానికి యిటువంటి పదార్థాన్నే వాడుతారు. మన దేశంలో పశ్చిమ బెంగాలు గ్రామాలలో వాడారు. తెల్లనిది అల్యూమినియం ఆక్సైడు. నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు బాధ మనవారికి తెలిసిందే. ఫ్లోరైడును పట్టే పదార్థాలలో అల్యూమినా ఒకటి. రెండూ ఫాస్ఫేటును గట్టిగా పట్టుకొంటాయి.

కాని ఫాస్ఫేటు మన తొట్టెకు ఎంత శత్రువు? తొట్టెలో వుండే మోతాదులలో అది చేపకు విషం కాదు. నాచును పెంచుతుంది, అంతే. పగడాలు పెంచేవారికి మాత్రం అది ప్రాణసమస్య. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద మన సముద్రాల పగడాలను సేకరించడం, అమ్మడం, కొనడం నేరం. చచ్చిన పగడపు ముక్కలకూ అదే చట్టం. సముద్రగుర్రాలకూ, సముద్రదోసకాయలనే జీవాలకూ గూడా యీ రక్షణ వుంది. ఎవరైనా చౌకగా ఇస్తామన్నా పుచ్చుకోరాదు. కాబట్టి మన యిండ్లలో వుండవలసినది చేపల తొట్టెయే, అందులోనూ తొట్టెలోనే పొదిగించి పెంచిన చేపలయితే మరీ మేలు. అటువంటి తొట్టెకు ఎర్రటి రజను అరుదుగా తప్ప అవసరం రాదు.

లెక్క వేసి చూద్దాం. అరవై లీటర్ల తొట్టెలో రాళ్లూ యిసుకా పోను నీరు సుమారు యాభై లీటర్లు. ఫాస్ఫేటు లీటరుకు అర మిల్లీగ్రాము వుందనుకొంటే మొత్తం పాతిక మిల్లీగ్రాములు. వారానికి ఐదు లీటర్లు మార్చితే పదవవంతు పోతుంది. నాలుగు వారాలకు 0.5 కాస్తా 0.33 దగ్గరికి దిగుతుంది. అయితే యిది మేత ద్వారా కొత్తగా చేరేది లేదనుకొన్న లెక్క. మేతతో జమ పడుతూనే వుంటుంది. సున్నపురాళ్లు గూడా తమలో దాచుకొన్న ఫాస్ఫేటును మెల్లగా వదులుతాయి. అందుకని మేత తగ్గించక, నీరు మార్చక, రజను మాత్రం పోస్తే ఆఫీసులో ఇన్వర్డు ఆపకుండా ఫైళ్లు చించినట్టే వుంటుంది.

రెండు నెలలు మేత తగ్గించి నీరు మార్చినా అంకె దిగకపోతే, నాచు అద్దాలను కప్పివేస్తూ వుంటే, అప్పుడు రజను వాడవచ్చు. డబ్బా మీద చెప్పినదానిలో సగంతో మొదలుపెట్టాలి. ఎర్రనీరు పోయేదాకా కడగాలి. సంచిలో అదిమి పెట్టక, నీటి వాలుకు కొద్దిగా కదిలేలా వుంచాలి, లేకపోతే గడ్డకడుతుంది. వారానికొకసారి పరీక్ష చేసి, అంకె దిగడం ఆగినప్పుడు మార్చాలి.

రెజిను పూసలు

రంగునూ సేంద్రియ మలినాన్నీ పట్టే రెజిను పూసలు కొన్ని వున్నాయి. ప్యూరిజెన్ అనే పేరుతో దొరికేది వీటిలో బాగా తెలిసినది. లేత రంగులో వుండి, మలినం పట్టినకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది గనుక ఎప్పుడు మార్చాలో కంటికే తెలుస్తుంది. బట్టలు తెల్లబరచే బ్లీచి ద్రావణంలో నానబెట్టి తిరిగి వాడుకోవచ్చు. వెల ఎక్కువయినా చాలాకాలం వస్తుంది.

అయితే ఆ బ్లీచి పనిలో పెద్ద జాగ్రత్త కావాలి. నానిన పూసలను బాగా కడిగి, క్లోరిన్‌ను విరిచే ద్రావణంలో మళ్లీ నానబెట్టి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే తొట్టెలో వేయాలి. కొంచెం మిగిలినా చేపలకూ బాక్టీరియాకూ ముప్పే. బ్లీచిలో వెనిగరు గాని, స్నానాలగది కడిగే యాసిడు గాని ఏమాత్రం కలపరాదు. క్లోరిన్ వాయువు పుడుతుంది, అది మనుషులకే ప్రమాదం. పిల్లలున్న యింట్లో యీ పని మేడమీద, వాళ్లు బడికి వెళ్లినప్పుడు చేసుకోవాలి. అంత ఓపిక లేనివారికి బొగ్గే సుఖం.

నీటిని మెత్తబరచే రెజిను వేరు. దానిని ఉప్పునీటి తొట్టెలో వేస్తే జియోలైటుకు పట్టిన గతే పడుతుంది. అది కుళాయినీటికే.

మొదటి వడపోత తొట్టె బయటనే

చాలామంది తొట్టెలోపలి డబ్బాల గురించి ఆలోచిస్తారు గాని, తొట్టెలోకి వచ్చే నీటి గురించి ఆలోచించరు. కుళాయి నీటిలో క్లోరిన్ వుంటుంది. బోరు నీటిలో లవణాలు, కొన్నిచోట్ల నైట్రేటు కూడా వుంటాయి. ఆ నీటితో ఉప్పు కలిపితే మొదటిరోజే అప్పుతో సంసారం మొదలుపెట్టినట్టు. ఆర్వో యంత్రం నీరు వాడితే యీ బెడద చాలావరకు తీరుతుంది. ఆ యంత్రంలోనే మొదటి గొట్టాలలో ఒకదానిలో బొగ్గు వుంటుంది. క్లోరిన్‌ను అది తీస్తుంది. ఆ గొట్టాన్ని వేళకు మార్చించుకొంటే తొట్టెకూ మేలు, తాగే మనకూ మేలు. అయితే కొన్ని యంత్రాలు రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతాయి. కొన్ని రాగి కలుపుతాయి. రాగి కలిపే యంత్రపు నీరు పీతలకూ, రొయ్యలకూ ప్రాణాంతకం.

మన వేసవిలో తొట్టెనీరు తొందరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. కాబట్టి తగ్గినదానికి ఉప్పులేని ఆర్వో నీరే పోయాలి. హైడ్రోమీటరు 1.025 దగ్గర నిలబడాలి. కుళాయినీరే పోస్తూ వుంటే అందులోని లవణాలన్నీ నెలనెలా పేరుకుపోతాయి.

సముద్రం వీధిచివరే వుండగా ఉప్పు కొనడమెందుకని అడిగేవారున్నారు. ఈ నగరంలో 1909లోనే మెరీనా తీరాన సముద్రజీవుల ప్రదర్శనశాల వుండేది. మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దానికి కారకుడు. ఇప్పుడది లేదు. అప్పటి తీరం వేరు, ఇప్పటి తీరం వేరు. మెరీనాకు ఒక కొసన కూవం, దక్షిణాన అడయారు తెచ్చే మురుగు సముద్రంలో కలుస్తున్నది. ఆ ఒడ్డుననే నీరు ముంచి తెచ్చి, ఆ తరువాత దానిని శుభ్రం చేయడానికి నాలుగు డబ్బాలు కొనడం మాకు తెలివైన బేరంగా తోచలేదు. సముద్రజీవుల కోసమే తయారుచేసిన ఉప్పును ఆర్వో నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల వంతున కలిపి, ఒక రోజు తిప్పి వుంచి వాడుకోవడమే క్షేమం. వంటింటి ఉప్పు పనికిరాదు.

ముందు పరీక్ష, తరువాత కొనుగోలు

ఇంతసేపు చెప్పినదాని సారం చిన్నది. జ్వరమో అజీర్ణమో తెలియకుండా మందుల షాపులో కనబడిన సీసాలన్నీ కొనము గదా. తొట్టె విషయమూ అంతే. కొత్త తొట్టె పెట్టేవారు మొదట కొనవలసినవి అమోనియా, నైట్రైటు, నైట్రేటు, పీహెచ్ పరీక్షాపెట్టెలు. వాటి తరువాత హైడ్రోమీటరు. అమోనియా, నైట్రైటు రెండూ సున్న చూపేదాకా చేపను తేవద్దు. ఆ తరువాత నీటి రంగు మారితే బొగ్గు. నాచు వదలకపోతే ఫాస్ఫేటు పరీక్ష, అంకె హెచ్చుగా వుంటేనే ఎర్రటి రజను. ఒకేసారి రెండు సరుకులు మార్చవద్దు. మేలు జరిగినా కీడు జరిగినా దేనివల్లనో తెలియకుండా పోతుంది. ఏ తేదీన ఏ సరుకు ఎన్ని చెంచాలు వేశారో, పరీక్షలో ఏ అంకె వచ్చిందో పుస్తకంలో వ్రాసుకోండి. ఆ పుస్తకం దుకాణదారు సలహా కంటె ఎక్కువ చెబుతుంది.

అమోనియా కనబడితే మాత్రం డబ్బా కోసం పరుగెత్తవద్దు. నీరు మార్చండి. మేత ఆపండి. చచ్చిన చేపగాని, కుళ్లినదేదైనా గాని రాళ్ల సందులో వుందేమో వెదకండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి క్రింద కడిగి బాక్టీరియాను చంపలేదు గదా అని ఇంట్లోవారిని నెమ్మదిగా అడగండి. స్పాంజిని ఎప్పుడూ తొట్టెనుంచి తీసిన పాతనీటిలోనే పిండుకోవాలి. కలిపి వుంచిన ఉప్పునీరు పాతిక లీటర్లు మూతవున్న డ్రమ్ములో ఎప్పుడూ సిద్ధంగా వుంటే, రాత్రి పదిగంటలకు ఆపద వచ్చినా భయం లేదు.

మా డెస్పాచి మిత్రులు యిప్పుడు అదే చేస్తున్నారు. వారి తొట్టెలో బ్రతికిన చేపకు మొన్న ఒక జోడు తెచ్చారు. ఫిల్టరులో వున్నది ఒక స్పాంజి, ఒక చిన్న బొగ్గుసంచి మాత్రమే. బూడిదరంగు రాళ్లను వారి అమ్మాయి మేడమీది పూలకుండీలో అలంకారానికి పేర్చిందట.

ఉప్పునీటి తొట్టెలు నడుపుతున్న పాఠకులు తమ అనుభవాలనూ, ముఖ్యంగా ఏయే వూళ్లలో నీరు ఎలా వుంటున్నదో, సంపాదకుల పేర వ్రాస్తే అందరికీ ఉపయోగం. బెంగుళూరు, బరంపురం, యానాం నీళ్ల సంగతి మాకు తెలియదు. తెలుసుకోవాలని వుంది.